గోదాము నిండినది, గల్లా ఎండినది

2018 జనవరి 10వ తేదీన అమెరికా దేశమున ఇల్లినాయి రాష్ట్రమునందలి షాంపేన్ నగరమున వ్యాపారము సాగించుచుండిన హాబికో అను కంపెనీ డెలవేరులోని దివాలా న్యాయస్థానమును శరణు జొచ్చెను. ఆ కంపెనీ అమ్మినవి ధాన్యములు కావు, ఔషధములు కావు, ఆయుధములు కావు. బాలురును, బాల్యమును మరువని పెద్దలును తీరిక వేళల కూర్చుకొను విమానముల నమూనాలు, ఓడల నమూనాలు, రేడియోతో నడచు చిన్న మోటారుకార్లు, ఆటరాకెట్టులు. ఇట్టి ఆటసరకుల కంపెనీ యొకటి సముద్రముల కావల మునిగినచో సంగారెడ్డి పఠనమందిరమున కూర్చుండి పత్రిక చదువు గృహస్థునకేమి, పాశమైలారమున ప్లాస్టిక్ అచ్చుయంత్రము కడ రాత్రిపాళి చేయు కార్మికునకేమి యని పాఠకులు అడుగవచ్చును. కందకు లేని దురద కత్తిపీటకేల యని కొందరు నవ్వనూ వచ్చును. కాని ఈ దురద కత్తిపీటకును తగులునని చూపుటయే మా యుద్దేశము.

ముందుగా ఆ కంపెనీ యెట్టిదో తెలిసికొనవలెను. అది కేవలము దుకాణము కాదు. ఉత్పత్తిదారులకును చిల్లర దుకాణదారులకును నడుమ నిలిచిన టోకు పంపిణీదారు. వేలకొలది రకముల సరకును ప్రపంచపు నలుమూలలనుండి తెప్పించి, గోదాములలో నిలువచేసి, అమెరికా దేశమునందలి హాబీ దుకాణములకు అందజేయుచుండెడిది. క్రమముగా అది తానే ఉత్పత్తిదారుగా మారగోరెను. 2007లో ప్లాస్టిక్ నమూనాలకు పేరెన్నికగన్న రెవెల్ మోనోగ్రామ్ సంస్థను, 2010లో ఎస్టెస్ అను ఆటరాకెట్టుల సంస్థను, 2012లో జర్మనీలోని రెవెల్ సంస్థను కొనివైచెను. అన్నిటికంటె విశేషమేమనగా, ఆ కంపెనీకి ఉద్యోగులే వాటాదారులు. గోదామున పెట్టెలు మోయువాడును, లెక్కలు వ్రాయువాడును కంపెనీకి యజమానులే. వినుటకెంత ఇంపైన మాట! పనివాడే యజమాని యైనచో ఇక అన్యాయమేల జరుగును అని మనలో ఎందరో తలంతురు. ఆ తలంపునకు హాబికో కథ ఒక కఠినమైన ప్రత్యుత్తరము.

హాబీ సరకుల పంపిణీ వ్యాపారము ఇతర వర్తకములవలె కాదు. బియ్యము నేడు అమ్ముడుపోకున్న రేపు అమ్ముడుపోవును. మనుష్యుడు అన్నము మానడు. నమూనా విమానమును కొనువాడు మాత్రము ఒక రకము నచ్చినచో కొనును, నచ్చకున్న జేబునుండి చేయి తీయడు. అందుచే పంపిణీదారు వేయి రకములు తెచ్చి గోదాము నింపవలెను. ఆ వేయింటిలో ఏ నూరు రకములు పరుగెత్తునో, ఏ తొమ్మిదివందలు దుమ్ము పట్టునో ముందుగా ఎవ్వరును చెప్పజాలరు. పండుగ దినములలో అమ్ముటకు సరకును నెలల ముందే కోరవలెను. కోరిన సరకు ఓడయెక్కి వచ్చుటకు వారములు పట్టును. వచ్చిన సరకు దుకాణములకు ఉద్దెరగా పోవును. ఆ ఉద్దెర వసూలగుటకు మరికొన్ని నెలలు. ఉత్పత్తిదారునకు సొమ్ము మాత్రము గడువునకు చెల్లింపవలెను. ఈ నడిమి కాలమంతయు వర్తకుని నిలువబెట్టునది బ్యాంకు ఇచ్చు అప్పు.

ఆ అప్పునకు తాకట్టు ఏది? గోదాములోని సరకే. ఇక్కడనే ప్రమాదము పొంచియున్నది. ఒక చిన్న లెక్క చూడుడు. నూరు రూపాయల విలువగల సరకుపై బ్యాంకు అరువది రూపాయలు ఇచ్చుననుకొందము. గిరాకి మందగించెను. బ్యాంకు తనిఖీదారు గోదామునకు వచ్చి, ఈ సరకు ఇప్పుడు నూరు చేయదు, డెబ్బదియే చేయునని వ్రాసికొనెను. అదే నిష్పత్తిని అప్పు నలువదిరెండు రూపాయలకు దిగవలెను. అనగా వర్తకుడు పదునెనిమిది రూపాయలు వెంటనే తిరిగి కట్టవలెను. ఎప్పుడు? అమ్మకములు లేక గల్లాపెట్టె ఎండియున్న దినములలో! చేయునది లేక అతడు సరకును అయినకాడికి అమ్మును. అయినకాడికి అమ్మినందున మిగిలిన సరకు విలువ ఇంకను పడిపోవును. తనిఖీదారు మరల వచ్చును. గోదాము నిండియుండగనే గల్లా ఎండుట యనగా ఇదియే. ఎరువు సొమ్ము బరువు చేటను పెద్దల మాట ఈ వ్యాపారమునకై పుట్టినదేమో యనిపించును.

దీనికి తోడు కాలము మారినది. వెనుకటి దినములలో ఉత్పత్తిదారునకు దుకాణదారుని చేరుటకు పంపిణీదారు తప్ప వేరు త్రోవ లేకుండెను. ఇప్పుడు అంతర్జాలమున ఉత్పత్తిదారు నేరుగా గిరాకీదారుని ఇంటికే పెట్టె పంపగలడు. నడుమ నిలిచినవాని లాభము ఇరువైపుల నుండియు తరిగిపోవుచున్నది. తరుగుచున్న లాభమును పూరించుటకై కంపెనీ పెద్ద పెద్ద సంస్థలను అప్పు తెచ్చి కొనును. కొన్న సంస్థ గడించునది ఆ అప్పు వడ్డీకి చాలకున్నచో, ఊతకర్రయని పట్టుకొన్నది మెడకు బండరాయి యగును.

న్యాయస్థానమునకు పోయిన పిదప ఏమి జరిగినది? 2018 వసంతకాలము నాటికి కంపెనీ ముక్కలు ముక్కలుగా అమ్ముడుపోయెను. రేడియో విమానముల, కార్ల వ్యాపారమును అదే షాంపేన్ నగరమునందలి ప్రత్యర్థియైన హొరైజన్ హాబీ కొనెను. రెవెల్ పేరును వ్యాపారమును జర్మనీకి చెందిన క్వాంటమ్ కాపిటల్ పార్ట్‌నర్స్ కొనెను. రాకెట్టుల వ్యాపారము వేరొక కుటుంబము చేతిలోనికి పోయెను. పేర్లన్నియు బ్రతికినవి. నేటికిని ఆ పేర్లతో పెట్టెలు అంగళ్లలో కానవచ్చును. బ్రతుకనిదెవరు? వందలకొలది ఉద్యోగులు. వారు పని పోగొట్టుకొనిరి, అంతటితో ఆగలేదు. దివాలా పంక్తిలో వాటాదారు చిట్టచివరివాడు. తాకట్టు గల అప్పులవారు ముందు కూర్చుందురు, ఉద్దెర ఇచ్చినవారు వారి వెనుక కూర్చుందురు, వాటాదారు వచ్చుసరికి విస్తరి ఖాళీ. ముదిమికై కూడబెట్టినదంతయు తాము పనిచేయు కంపెనీ వాటాలలోనే యున్నవాడు ఒక్కనాడే జీతమును, కూడబెట్టినదానిని కోలుపోవును. యజమాని యను బిరుదు దక్కెనే కాని యజమాని చేతనుండవలసిన లెక్కలపుస్తకము దక్కినదా? అప్పు తెచ్చునప్పుడు అతని సమ్మతి యెవ్వరైన అడిగిరా? వాటా యున్నంతమాత్రమున అధికారము లేదు; అధికారము లేని యజమానిత్వము నాటకములోని కిరీటము వంటిది.

ఇది అమెరికాకు మాత్రమే పట్టిన తెగులు కాదు. ఇంగ్లండునందు 1939లో నికొలస్ కోవ్ అను హంగరీ దేశీయుడు స్థాపించిన ఏర్‌ఫిక్స్ సంస్థ ప్రపంచమునందలి బాలురకెల్ల విమాన నమూనాలను పరిచయము చేసెను. అది 1981లో ఒకసారి దివాలా తీసెను. చేతులు మారి, హంబ్రోల్ అను రంగుల కంపెనీ నీడకు చేరెను. దాని అచ్చులు ఫ్రాన్సు దేశమునందలి హెల్లర్ అను సంస్థ కర్మాగారమున నుండెను. పెట్టెలలోని భాగములు అక్కడనే తయారగుచుండెను. 2006లో హెల్లర్ కష్టములలో పడెను. కొలది వారములలోనే, ఆగస్టు నెలాఖరున, హంబ్రోల్ కూలెను. నలువదియొక్క మంది ఉద్యోగులలో ముప్పదియొక్కరికి ఉద్వాసన చెప్పబడెను. అదే సంవత్సరము నవంబరులో హార్న్‌బీ సంస్థ ఆ పేర్లను, అచ్చులను 26 లక్షల పౌనులకు కొనెను. ఇందలి నీతి పారిశ్రామికులు గోడపై వ్రాసికొనదగినది. పేరు నీ చేత నుండి అచ్చు పరుని యింట నున్నచో, నీ ప్రాణము పరుని పెట్టెలో నున్నట్లే.

ఇంతకును మనము పరదేశములనే చూడనేల? మన హైదరాబాదుననే ఆల్విన్ లేదా? నిజాము ప్రభుత్వపు పారిశ్రామిక నిధియు, అల్లాదీన్ కంపెనీయు కలిసి 1942లో నెలకొల్పిన ఆ సంస్థ ఒకనాడు తెలుగువారి యింట శీతలయంత్రమై నిలిచెను, తెలుగువారి మణికట్టున గడియారమై మ్రోగెను. జపాను దేశపు సైకో సాంకేతిక సాహాయ్యముతో గడియారములు చేసెను. నిస్సాన్ తోడ్పాటుతో జహీరాబాదున తేలికపాటి లారీలు చేసెను. పిమ్మట నష్టములు ముసిరెను. 1990ల దశకమున శీతలయంత్రముల శాఖ వోల్టాస్ పరమయ్యెను. జహీరాబాదు కర్మాగారము మహీంద్రా వారి చేతికి పోయెను. గడియారముల శాఖ నిలిచిపోయెను. జహీరాబాదున యంత్రములు ఇప్పటికిని తిరుగుచున్నందుకు సంతసింపవలసినదే. కాని ఆల్విన్ పేరున బ్రతికిన కుటుంబముల కథ ఏ పత్రికయు పూర్తిగా వ్రాయలేదు. షాంపేన్ నగరపు కథయు, సనత్‌నగరపు కథయు భాషలో వేరు, భావములో ఒకటి.

ఇక మన పటాన్‌చెరువు ప్రాంతమును చూతము. రామచంద్రాపురమున భారత భారీ విద్యుత్పరికరముల కర్మాగారము వెలసిన నాటినుండి, 1970ల దశకమున పారిశ్రామిక వాడలు విస్తరించిన నాటినుండి, పటాన్‌చెరువు, బొల్లారము, పాశమైలారము, ఇస్నాపురము, రుద్రారము, గడ్డపోతారము అను గ్రామములు గ్రామములు కాకపోయెను. పొగగొట్టములు పెరిగిన ఈ నేలలో పెద్ద కంపెనీల పేర్లు బోర్డులపై వెలుగుచుండును. వాటి వెనుక సందులలో, రేకుల కప్పుల క్రింద, రెండు అచ్చుయంత్రములు పెట్టుకొని ప్లాస్టిక్ మూతలు, పెట్టెలు, చక్రములు పోసి ఇచ్చు చిన్న యజమానులు ఎందరో కలరు. వారికడ పనిచేయువారిలో ఒడిస్సా, బీహారు, ఉత్తరప్రదేశము నుండి వచ్చినవారు ఎందరో కలరు. ఈ చిన్న యజమాని ముడిసరకును రొక్కమునకు కొనును, వస్తువును ఉద్దెరకు అమ్మును. కరెంటు బిల్లు ఆగదు, వారపు కూలి ఆగదు, బ్యాంకు కిస్తు ఆగదు. ఆగునది అతనికి రావలసిన సొమ్మొక్కటే. కొన్న పెద్ద కంపెనీ దివాలా తీసినచో అతడు హాబికోకు ఉద్దెర ఇచ్చిన వర్తకుని స్థానముననే నిలుచును.

చట్టము లేదా యని అడుగుదురేమో. కలదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టము ప్రకారము చిన్న సంస్థనుండి సరకు కొన్నవాడు ఒడంబడిక యేదైనను నలువదియైదు దినములకు మించి సొమ్ము ఆపరాదు. ఆపినచో రిజర్వు బ్యాంకు ప్రకటించు బ్యాంకు రేటునకు మూడింతల చక్రవడ్డీ చెల్లింపవలెను. తగవు తీర్చుటకు సౌలభ్య మండలులు కలవు. ఆ తీర్పును కాదనగోరు కొనుగోలుదారు తీర్పిచ్చిన మొత్తములో నూటికి డెబ్బదియైదు వంతులు ముందుగా కట్టవలెను. 2023 ఆర్థిక చట్టము మరియొక మెట్టు ఎక్కి, గడువులోపల చెల్లింపని బాకీని ఆ సంవత్సరపు ఖర్చుగా ఆదాయపు పన్ను లెక్కలో చూపరాదనెను. ఇంత చక్కని చట్టము కాగితముపై నుండగా చిన్న యజమాని ఏల నోరు మెదపడు? మెదపినచో రేపటి ఆర్డరు మరియొకనికి పోవును గనుక. పేదవాని కోపము పెదవికి చేటను సామెత ఇక్కడ చట్టముకంటె బలమైనది.

కొన్నవాడు పూర్తిగా మునిగినచో 2016 నాటి దివాలా స్మృతి వచ్చును. అందు ఋణదాతల సంఘమున ఓటు అప్పిచ్చిన బ్యాంకులది. సరకిచ్చినవానికి సాధారణముగా ఓటు లేదు. తన బాకీకై తానే న్యాయమండలి తలుపు తట్టుటకు కావలసిన కనీసపు మొత్తమును 2020 మార్చిలో లక్ష రూపాయలనుండి కోటి రూపాయలకు పెంచిరి. అది మహమ్మారి నాడు చిన్న కంపెనీలను కాపాడుటకని చెప్పిరి. కాపాడిన మాట నిజమే. కాని నలువది లక్షలు రావలసిన పాశమైలారపు యజమానికి ఆ తలుపు మూసికొనుటయు నిజమే. చిన్నవాని ఇంటికి రక్షణగా కట్టిన గోడ చిన్నవాని త్రోవకే అడ్డమైనది. కార్మికుని విషయమున చట్టము కొంత దయ చూపినది. కంపెనీని మూసివేసి అమ్మునప్పుడు ఇరువదినాలుగు నెలల బకాయి జీతము తాకట్టుగల అప్పులతో సమానముగా నిలుచును. భవిష్యనిధి సొమ్ము ఆ పంపకమున చేరనే చేరదు. ఈ రెండు మాటలు ప్రతి కర్మాగారపు గుమ్మమున పెద్ద యక్షరములతో వ్రేలాడవలసినవి.

టోకు, చిల్లర వర్తకుల స్థితి మరియొక విధము. 2021 జూలైలో ప్రభుత్వము వారినికూడ చిన్న సంస్థల జాబితాలో చేర్చెను. కాని ప్రాధాన్య ఋణములు పొందుటకు మాత్రమే. అనగా అప్పు తెచ్చికొను హక్కు ఇచ్చిరి, బాకీ రాబట్టుకొను రక్ష ఇయ్యలేదు. అప్పు తేలిక చేసి వసూలు కష్టము చేయుటకంటె దివాలాకు దగ్గర త్రోవ వేరొకటి కలదా?

ఇప్పుడు ఆటవస్తువుల విషయమున మన దేశమున గొప్ప యుత్సాహము కానవచ్చుచున్నది. 2020 ఫిబ్రవరిలో దిగుమతి సుంకమును నూటికి 20 నుండి 60కి, 2023లో 70కి పెంచిరి. 2021 జనవరి 1 నుండి భారతీయ ప్రమాణముల ముద్ర లేని ఆటవస్తువు అమ్మరాదనిరి. 2022 ఫిబ్రవరిలో విదేశీ డ్రోనుల దిగుమతిని, కొలది మినహాయింపులతో, నిషేధించిరి. స్వదేశీ వస్తువును కోరు మేము ఈ యుద్దేశమును ఆక్షేపింపము. కాని సుంకపు గోడ కట్టినంతమాత్రమున గోడ లోపల పంట పండదు. రాత్రికి రాత్రి త్రోవ మూసినచో విదేశపు సరకుపై ఆధారపడిన చిన్న పంపిణీదారు ముందుగా కూలును. స్వదేశపు సరకు తయారగుటకు మాత్రము సంవత్సరములు పట్టును. ఒక్క నమూనా విమానపు అచ్చు చెక్కుటకు ఎంత నేర్పు, ఎంత పెట్టుబడి కావలెనో బాలానగరమున 1968 నుండి పనిముట్ల రూపకల్పన నేర్పుచున్న కేంద్ర సంస్థ వారిని అడిగిన చెప్పుదురు. అచ్చు లేని స్వదేశీయము హంబ్రోల్ స్వదేశీయమే యగును.

కొండపల్లి, నిర్మల్, ఏటికొప్పాక బొమ్మలు చేసిన చేతులు మన జాతివి. అంబారీ యేనుగును పొణికి కఱ్ఱలో పుట్టించిన జాతికి ప్లాస్టిక్ విమానము అసాధ్యము కాదు. కంది గ్రామమున ఐఐటీ యున్నది. అందు మానవరహిత వాహనములను పరీక్షించు క్షేత్రము 2022లో వెలసినది. ఆ క్షేత్రమునకు కావలసిన యువకుడు ఎక్కడ తయారగును? పదేండ్ల ప్రాయమున తన చేతులతో రెక్కలు అతికించి, ఎగురవేసి, విరుగగొట్టుకొని, మరల అతికించిన బాలునిలో తయారగును. అందుచేతనే మేము హాబీ సరకును తేలికగా చూడము. అది ఆటయే; కాని చేతికి బుద్ధి నేర్పు ఆట.

కావున మా మనవులు కొన్ని. మొదటిది, దివాలా తలుపు తట్టు కనీసపు మొత్తమును సూక్ష్మ సంస్థల బాకీల విషయమున తగ్గింపవలెను. రెండవది, బాకీదారుపై ఫిర్యాదును ఒంటరి యజమాని పేరున కాక పారిశ్రామిక వాడల సంఘము పేరున చేయు వీలు కల్పింపవలెను. అప్పుడు ఆర్డరు పోవునను భయము తగ్గును. మూడవది, ఖాయిలాపడిన చిన్న సంస్థలను ఆదుకొనుటకు తెలంగాణ రాష్ట్రము నెలకొల్పిన పారిశ్రామిక ఆరోగ్య చికిత్సాసంస్థ రోగి కన్ను మూయు ఘడియలో కాక జ్వరము తగిలిన దినముననే చేరవలెను. నాలుగవది, వర్తకులకును బాకీ రక్షణ నీయవలెను. అయిదవది, ఉద్యోగులకు వాటాలిచ్చు కంపెనీలు వాటాతోబాటు లెక్కలపుస్తకము కూడ చూపవలెను. లేనిచో ఉద్యోగి తన కూడబెట్టిన సొమ్మును వేరుచోట దాచుకొనుటయే మేలు.

ప్రభుత్వమును అడిగినంతనే మన పని తీరదు. వర్తకులారా! గోదాము నిండుటను సిరియని భ్రమపడకుడు. నెల తిరుగునప్పటికి గల్లాలో మిగిలినదే సిరి. యజమానులారా! అచ్చును ఇంట నుంచుకొనుడు, ఉద్దెరకు హద్దు పెట్టుకొనుడు, ఒక్క గిరాకీదారునిపై బ్రతుకంతయు మోపకుడు. కార్మికులారా! మీ భవిష్యనిధి చీటీని నెలనెల చూచుకొనుడు. కట్టితిమని చెప్పుట వేరు, కట్టుట వేరు.

పటాన్‌చెరువు నేల ఇప్పటికే ఒక బాకీ మోయుచున్నది. నక్కవాగు గట్టున పొలములు కోల్పోయిన రైతుల మొర 1990లో సుప్రీము కోర్టుదాక పోయినది. ఏ కంపెనీ మూతపడినను ఆ రైతు పేరు ఋణదాతల జాబితాలో కానరాదు. భూమిని బాకీపెట్టి తెచ్చుకొన్న పరిశ్రమ ఇది. ఇంత వెలపెట్టి కొన్నదానిని లెక్క తెలియక పోగొట్టుకొనుట మనకు తగదు. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనుటకంటె, పరుల చేతులు కాలుట చూచినప్పుడే నిప్పును గుర్తించుట వివేకుల లక్షణము.